ఎడమకు మూసుకునే వాల్వు

నాకు చదువు ఆరో తరగతి దాకానే అబ్బింది. ఏడో తరగతి నన్ను చూసి తలుపేసుకుంది. కాబట్టి కొత్తగా నీళ్ల పనిలో చేరిన తమ్ముళ్లూ, ఇందులో గొప్ప మాటలేమీ వెతకకండి. ఒక వాల్వు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మీరు ఇబ్బంది పడతారు. ఎందుకు పడతారో చివర్లో చెబుతాను.

ఎల్బీనగర్ చౌరస్తా దాటి, హయత్‌నగర్ వైపు కొంత దూరం పోయి లోపలికి తిరిగితే మా కాలనీ. అప్పట్లో అక్కడ మూడు గల్లీలు, ఒక బోరు, ఒక ట్యాంకు, ఒక నేను. పట్నం నీళ్ల బోర్డు పైపులు మా దాకా రాని కాలంలో కాలనీవాళ్లే చందాలేసుకుని పెట్టుకున్న ఏర్పాటు అది. పొద్దున్నే బోరు వేసి ట్యాంకు నింపాలి. తర్వాత గల్లీకి అరగంట చొప్పున వాల్వు తిప్పి నీళ్లు వదలాలి. అదే నా ఉద్యోగం. నా అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. ‘నీళ్లాయన’ అనేవారు. నీళ్లు రాని రోజు వేరే పేర్లు కూడా ఉండేవి, అవి అచ్చులో బాగుండవు.

మొదటి గల్లీ నిండా నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన మావాళ్లు. డ్రైవర్లు, మేస్త్రీలు, సెంట్రింగు పనివాళ్లు. మూడో గల్లీ నిండా కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు. రెండో గల్లీ పప్పూ అన్నంలా కలిసిపోయి ఉండేది. నేను చెప్పబోయేది తెలంగాణ ఉద్యమం రోడ్ల మీదికి వచ్చిన రోజుల మాట. టీ బండి దగ్గర ఒకే బెంచీ మీద భుజాలు రాసుకుని కూర్చునేవాళ్లు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చోవడం మొదలైంది. మధ్యలో ఖాళీ ఎక్కువై నాకు మాత్రం సుఖంగా చోటు దొరికేది. అయినా నీళ్ల దగ్గర ఒక్కరు కూడా నన్ను అనుమానించలేదు. నేను నల్లగొండవాణ్ని, అయినా మొదటి గల్లీకి ఎంతో మూడో గల్లీకీ అంతే. అదొక్కటే నా ఆస్తి. తక్కినదంతా సైకిలు, దాని తాళం.

ఇక వాల్వు దగ్గరికి వస్తాను.

లోకంలో ఏ వాల్వయినా కుడికి తిప్పితే మూసుకుంటుంది, ఎడమకు తిప్పితే తెరుచుకుంటుంది. మూడో గల్లీ వాల్వు పాడైనప్పుడు నేను పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఒకటి వెతికి తెచ్చి బిగించాను. గుంత పూడ్చి మట్టి తొక్కాక తెలిసింది, ఇది పుట్టుకతోనే తిరకాసుదని. ఎడమకు తిప్పితే మూసుకుంటుంది, కుడికి తిప్పితే తెరుచుకుంటుంది. మళ్లీ తవ్వి తీయాలి, న్యాయంగా అయితే. కానీ నెల తిరక్కుండానే దాని గొప్పతనం నాకు అర్థమైంది.

మూడో గల్లీ పల్లంలో ఉంటుంది. వాల్వు పూర్తిగా తెరిస్తే నీళ్లన్నీ అటే జారిపోతాయి. అందుకని సగం చుట్లే తెరిచేవాణ్ని. ఎండాకాలం వచ్చిందంటే మనుషులకు వాల్వు మీద ప్రేమ పుడుతుంది కదా. నేను ట్యాంకు వైపు పోగానే ఎవరో ఒకరు మూత లేపి, ఎక్కడో సంపాదించిన తాళపు రాడ్డు పెట్టి, ఇంకాస్త తెరుద్దామని ఎడమకు తిప్పేవారు. వాల్వు గట్టిగా మూసుకునేది. కాసేపటికి నా దగ్గరికి వచ్చి, “నీళ్లు రావడం లేదోయ్” అని అమాయకంగా అనేవారు. నేను పోయి, కళ్లు మూసుకుని, పెదాలు కదిపి, రాడ్డు తిప్పేవాణ్ని. నీళ్లు దూకేవి.

“నా చెయ్యి పడితేనే వింటది సార్. దానికి నేనంటే పాణం.”

ఎనిమిదేళ్లు ఈ నాటకం నడిచింది. దొంగకు తాళం వేయడం అందరూ చేస్తారు, దొంగచేతే తాళం వేయించుకున్నవాణ్ని నేనొక్కణ్నే అని మురిసిపోయేవాణ్ని. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా.

ఆ ఎండాకాలం మా బోరు గొంతు పోయింది. ముందు ఎర్రనీళ్లు, తర్వాత గాలి, తర్వాత ఉత్త దగ్గు. సరిగ్గా అప్పుడే బోర్డు కబురు పంపింది. మా కాలనీ ఏర్పాటు మొత్తాన్నీ వాళ్లు తీసుకుంటారట. సాగర్ దగ్గరి నుంచి వచ్చే కృష్ణ నీళ్ల పెద్ద పైపుకు మా పైపులు కలుపుతారట. దానికి ఒకే ఒక్క రోజు ఇచ్చారు. ఆ రోజు సాయంత్రంలోగా కలిపితే కలిపినట్టు, లేకపోతే వరసలో ఉన్న వేరే కాలనీకి పోతారు. మర్నాడు బంద్, ఆ తర్వాత ఎన్నాళ్లు బందో ఎవరికీ తెలియదు. బోరు చచ్చిపోయిన కాలనీకి అంతకంటే ఏం చెప్పాలి!

కలపడానికి బోర్డు తరఫున వచ్చిన ఫిట్టర్ పాతబస్తీ మనిషి. అందరూ చాచా అనేవారు. రిటైరయ్యే వయసు. ఆయన దగ్గర బొటనవేలంత లావు ఇనుప రాడ్డు ఒకటి ఉండేది. ఒక కొస పైపు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. మొదటిసారి చూసి ఊరుకోలేకపోయాను.

“ఎవరు చాచా, చాచీయా ఫోన్ల?”

“చుప్ బే. నీళ్లు మాట్లాడుతుంటే మధ్యల నీ మాట ఎందుకు?”

కలిపే ముందు రోజే మా పైపులు చూడటానికి వచ్చి, అలా చెవి పెట్టి, నడుస్తూ, ఆగుతూ, రెండో గల్లీలో ఒక గేటు ముందు చెప్పుతో నేల మీద గీత గీశాడు. “గీడ కారుతుంది. తవ్వు.” అక్కడ పైన తడి లేదు, నాచు లేదు. తవ్వితే మోకాలి లోతున నా పైపు వెంట్రుకంత చీలి ఏడుస్తోంది. ఎన్నేళ్లుగా ఏడుస్తోందో. ఆ పైపును రోజూ చూసుకునేవాణ్ని నేను. ఆ రోజంతా నేను చాచా మీద జోకు వెయ్యలేదు. అంతకంటే పెద్ద నమస్కారం నా దగ్గర లేదు.

కలిపే రోజు పొద్దున కాలనీ అంతా గుంత చుట్టూ చేరింది. చాచా పద్ధతి చెప్పాడు. మూడు గల్లీల వాల్వులూ ముందు గట్టిగా మూసెయ్యాలి. పెద్ద పైపు నీళ్లను మెల్లగా లోపలికి రానిచ్చి, గాలి పోయాక, ఒక్కొక్క గల్లీకి నిమ్మళంగా వదలాలి. ఎందుకంటే గల్లీల్లో మా పైపులు ట్యాంకు నీళ్ల బరువుకు అలవాటు పడ్డ సన్నటి ప్లాస్టిక్‌వి. పెద్ద పైపు బలం ఒక్కసారి మీద పడితే పగులుతాయి. అన్నిటికంటే పాతది పల్లంలో ఉన్న మూడో గల్లీ పైపు. అక్కడ రోడ్డు పెరిగి పెరిగి ఇళ్లు కిందికి దిగిపోయాయి. పైపు పగిలితే నీళ్లు సరాసరి గుమ్మాల్లోకి పోతాయి.

అంతా చెప్పి, నా వైపు తిరిగాడు.

“నీ వాల్వుల తేడాది ఏమన్నా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు.”

నా పక్కన ఎవరున్నారో చెప్పాలి. మూడో గల్లీలో ఉండే మాస్టారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన లెక్కల మాస్టారు, మా కాలనీ సంఘానికి పెద్ద. నా అరగంటల లెక్క సరిగ్గా ఉందని పదిమందిలో మెచ్చుకున్న మనిషి. ఆయన ముందు, ఆయన గల్లీవాళ్ల ముందు, ఎనిమిదేళ్లుగా మిమ్మల్ని ఆడిస్తున్నానని ఎలా చెప్పను? దానిని నేనే మూస్తాను కదా, చెప్పడం ఎందుకు అనుకున్నాను.

“నా వాల్వులన్నీ నాలెక్కనే బుద్ధిమంతులు చాచా.”

అందరూ నవ్వారు. చాచా నవ్వలేదు.

గంట తర్వాత, రెండు పైపులు కలిసే చోట పెట్టాల్సిన పళ్లెమంత వెడల్పు రబ్బరు వాషరు చిరిగిపోయింది. అది దొరికే దుకాణం దిల్‌సుఖ్‌నగర్‌లో నాకే తెలుసు. ఒకాయన బండి అడిగి తీసుకుని పోయాను, అరగంటలో వస్తానని. వాషరు దొరికింది. తిరిగి వస్తుంటే ఎల్బీనగర్ దగ్గర రోడ్డు లేదు.

రోడ్డు ఉండాల్సిన చోట పొయ్యిలున్నాయి. రాళ్ల మీద గుండిగలు, గుండిగల్లో అన్నం, చుట్టూ వేల మంది. వంటావార్పు. ఉద్యమంలో రోడ్డునే వంటిల్లు చేసుకున్న రోజు అది. బస్సులు వెనక ఎక్కడిదాకా ఆగాయో కనబడటం లేదు. అంతమంది కలిసి ఒక్కచోట కూర్చుంటే ఎంత నిశ్శబ్దంగా ఉండగలరో, లేస్తే నేల ఎలా అదురుతుందో అప్పుడే చూశాను.

ఫోను మోగింది. మాస్టారు.

“ఏమోయ్, ఎక్కడున్నావు? ఇంక ఆ వాషరు అక్కర్లేదులే. మీ చాచా లారీ ట్యూబు కోసి బ్రహ్మాండంగా అమర్చాడు. గల్లీ వాల్వులు మూసేసి నీళ్లు వదలడమే తరువాయి.”

చాచా మూస్తాడు. అందరు ఫిట్టర్లలాగే కుడికి తిప్పి మూస్తాడు. మూడో గల్లీ వాల్వు నోరంతా తెరుచుకుంటుంది. కృష్ణ మొత్తం పోయి మాస్టారి గల్లీ మీద పడుతుంది. రాస్తారోకో జరుగుతున్న రోజున, నల్లగొండవాడు బిగించిన వాల్వు వల్ల, కోస్తావాళ్ల గల్లీ మునుగుతుంది. ‘తెలియక జరిగింది’ అంటే నమ్మేదెవరు? నేనే నమ్మను.

“మాస్టారూ, నేనొచ్చేదాక ఆగుండ్రి.”

“ఎందుకూ?”

చెప్పాలి. అక్కడే, ఆ క్షణమే చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది.

“ఊకనే. నేను గూడ చూస్త.”

“నువ్వు చూడాలని కృష్ణమ్మ ఆగుతుందటయ్యా?” అని నవ్వి పెట్టేశాడు.

తమ్ముళ్లూ, నా ఉద్యోగంలో నేను చేసిన అసలు తప్పు వాల్వు కాదు. ఇదిగో, ఊరికే అని తప్పుకున్న ఈ ‘ఊకనే’. వెంటనే చాచాకు చేశాను. మోగింది, మోగింది. గుంతలో దిగినవాడు ఫోను పైన చొక్కాలో పెట్టి దిగుతాడు, నాకు తెలియనిదా.

బండి ఒక దుకాణం ముందు పెట్టేసి, వాషరు మెడలో వేసుకుని, జనంలో దూరాను.

“ఏందన్నా, నల్లదండ ఏస్కొని ఉరుకుతున్నవ్? ఎవలకు సన్మానం?” అన్నాడు గరిటె పట్టుకున్న ఒకాయన.

“నీళ్లకు! మా కాలనీకి కృష్ణ నీళ్లు కలుపుతున్నరు. నేను పోకుంటే ఇండ్లు మునుగుతయ్. జర తొవ్వియ్యుర్రి.”

ఆయన గరిటె పైకెత్తి అరిచాడు. “అరే జరుగుర్రి! గీ అన్నది నీళ్ల పని!”

నీళ్ల కోసమే కదా వాళ్లూ రోడ్డెక్కింది. అన్ని వేల మంది మధ్యలో మనిషి పట్టేంత సందు తెరుచుకుంటూ పోయింది. నేను తిప్పిన ఏ వాల్వూ అంత మెత్తగా తెరుచుకోలేదు. అవతల ఒకాయన బండి మీద ఎక్కించుకుని కాలనీ మలుపు దాకా దింపాడు. పేరు అడగలేదు, నేనూ చెప్పలేదు.

పోయేసరికి గుంత చుట్టూ అందరూ ఉన్నారు. గల్లీలు పొడిగానే ఉన్నాయి. చాచా గుంత గట్టు మీద కూర్చుని, రాడ్డు ఒళ్లో పెట్టుకుని, ఛాయ్ తాగుతున్నాడు. పెద్ద పైపు వాల్వు ఇంకా తెరవలేదు. బోర్డు ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు. మూడో గల్లీ అబ్బాయి ఒకడు, “కావాలనే ఆలస్యం చేస్తున్నాడేమో, ఎవరికి తెలుసు?” అంటున్నాడు. నన్ను చూసి ఆపేశాడు.

ఏం జరిగిందో చాచానే చెప్పాడు, నాకు మాత్రమే వినపడేలా. మూడు వాల్వులూ చూసుకుంటూ వచ్చాడు. మొదటి రెండూ మూసే ఉన్నాయి, తాళపు రాడ్డు కదల్లేదు. మూడోది కుడికి తిరిగింది. చివరిదాకా తిప్పి మూసేశాననుకున్నాడు. అయినా చెవి పెట్టాడు. ట్యాంకులో అడుగున మిగిలిన నాలుగు నీళ్లు సన్నగా పోతున్న చప్పుడు.

“మూసిన వాల్వు మూగది గావాలె. ఇది మాట్లాడుతుంది. ఎడమకు తిప్పిన. చుప్ అయింది.”

“మరి తెల్సినంక ఇంకా తెరవకపోతివి చాచా?”

“ఒకటి అబద్ధమాడిందని తెల్సింది. మిగిలిన రెండిటిని ఎట్ల నమ్మాలె? నిన్ను ఎట్ల నమ్మాలె? వాల్వు నీది, జబాబ్ నీది. నువ్వు చెప్తే తెరుస్త, లేకుంటే సామాన్ సర్దుత.”

ఇంజనీరు అప్పటికే సర్దమంటున్నాడు. ఇక జోకులు అయిపోయాయి. మెడలో వాషరుతోనే చెప్పాను. వాల్వు తిరకాసుదని, తెలిసే ఉంచానని, ఎనిమిదేళ్లుగా అందరినీ ఆడించానని, పొద్దున అడిగితే అబద్ధమాడానని, తిరకాసుది అదొక్కటేనని. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అయితే ఆ ఎండాకాలం... వరసగా రెండ్రోజులు మా గల్లీకి నీళ్లు రాలేదు చూడు...”

“ఔ మాస్టారు.”

“పొద్దున్నే నేనే వెళ్లి... కొంచెం ఎక్కువ వస్తాయేమోనని...” ఆయన ఆగిపోయాడు. “అంటే నా నీళ్లు నేనే కట్టేసుకున్నానా? రెండు రోజులూనా?”

మొదటి గల్లీ అవ్వ ఒకామె ముందుకొచ్చింది. మా నల్లగొండ వైపు ఆమే, ఊరి ఫ్లోరైడు బోరింగు నీళ్లకు మోకాళ్లు వంగిపోయిన మనిషి. కర్ర నేలకు కొట్టి అంది.

“ఓ సారూ! గప్పుడు మా గల్లీ దొంగలు నీళ్లు మలుపుకున్నరని కాయితం రాస్తివి గద! నేను రెండు దినాలు నీ ముఖం చూడకపోతి! నీ నల్లా నువ్వే బందు చేస్కొని మమ్ముల తిడ్తివా?”

మాస్టారు చేతులు జోడించాడు. “తప్పయింది తల్లీ. లెక్కల మాస్టార్ని, కుడిఎడమలు తెలియలేదు.”

ముందు అవ్వే నవ్వింది. తర్వాత మూడు గల్లీలూ నవ్వాయి. ‘కావాలనే’ అన్న అబ్బాయి కూడా. చాలా నెలల తర్వాత మొదటి గల్లీ, మూడో గల్లీ ఒకే సంగతికి కలిసి నవ్వడం అదే. నవ్వించడం నా అలవాటు, కానీ ఆ నవ్వు నేను పుట్టించింది కాదు.

చాచా మిగిలిన రెండు వాల్వుల దగ్గర మళ్లీ చెవి పెట్టి తల ఊపాడు. గుంతలో దిగి, పెద్ద పైపు వాల్వు మీద చెయ్యి వేసి, నన్ను పిలిచాడు. తన రాడ్డు నా చేతికిచ్చాడు.

“చెవి పెట్టు. నోరు బందు చెయ్.”

పెట్టాను. ముందు నా రక్తమే నాకు వినపడింది. చాచా ఒక్క చుట్టు తిప్పాడు. బోనాల నాడు డప్పు ఎక్కడో దూరంగా ఉన్నప్పుడు చెవికంటే ముందు రొమ్ముకు తెలుస్తుంది చూడండి, అలా మొదలైంది. రెండో చుట్టుకు గాలి, ఈలలు వేస్తూ. మూడో చుట్టుకు డప్పు వెనక జనం వచ్చినట్టు నీళ్లు వచ్చాయి. వచ్చాయంటే వచ్చి ఆగలేదు. వస్తూనే ఉన్నాయి. నేను ట్యాంకు మనిషిని. నాకు తెలిసిన నీళ్లకు అడుగు ఉంటుంది. దీనికి అడుగు లేదు. కొండలెక్కి, గుట్టలు దిగి, నల్లగొండ నేల కింద అంత దూరం నడిచి వచ్చిన నది నా చెవిలో మలుపు తిరుగుతోంది.

మా ఊరి పక్కనుంచే ఆ పైపు పోతుంది. మధ్యమధ్యలో గాలి పోవడానికి పెట్టిన వాల్వుల దగ్గర చుక్కలు కారేవి. మా అమ్మ ఆ చుక్కల కింద బిందె పెట్టి పొద్దంతా కూర్చునేది. బోరింగు నీళ్లతో వంగిన ఎముకలకు ఆ బిందెడు నీళ్లే మందు. బిందె పూర్తిగా నిండింది నేనెప్పుడూ చూడలేదు. అవే నీళ్లు. ఆ చుక్కల వెనక ఇంత ఉందని మా అమ్మకు తెలుసా? నేను రాడ్డు చెవి నుంచి తీయలేకపోయాను. చాచా నా ముఖం చూసి, చూడనట్టు అటు తిరిగాడు.

మొదటి నల్లా అవ్వ ఇంట్లో తెరిచారు. ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి, తాగకుండా, ముందు మోకాళ్లకు రాసుకుంది.

“మా ఊరి పక్కకెల్లి పోతుంటె సూసేదాన్ని. ఇన్నేండ్లకు ఎనకకు మర్లి సూసినవా తల్లీ.”

“మా ఊరి కాలవలో ఈత కొట్టేవాణ్నమ్మా ఈ నీళ్లలో. మా కృష్ణ!” అన్నాడు మాస్టారు, కళ్లు తడిగా.

“మీ కృష్ణ ఎట్లయితది సారూ? మా మీదికెల్లే గద మీకాడికి వచ్చేది!”

మళ్లీ మొదలవుతుందేమోనని అందరూ బిగుసుకున్నారు. చాచా గుంతలోంచి తల బయటపెట్టాడు.

“గీ పైపు నాది. ఇద్దరూ జర పక్కకు జరుగుండ్రి, రెండో గల్లీకి వదలాలె.”

సాయంత్రానికి మూడు గల్లీలకూ నీళ్లు పారాయి. ఒక్క పైపూ పగల్లేదు. పోయే ముందు చాచా రంగు డబ్బా, బ్రష్షు నా చేతికిచ్చి, మూడో గల్లీ వాల్వు మూత తిరగేసి రాయమన్నాడు. నా ఆరో తరగతి అక్షరాలతో రాశాను: ‘ఇది ఎడమకు మూయాలి. తప్పు నాది.’ ఆ తర్వాత కాలనీతో పాటు నన్ను కూడా బోర్డు పనిలోకి తీసుకున్నారు. రిటైరయ్యేదాకా ఆ రెండు ముక్కల కింద నుంచే రోజూ నీళ్లు వదిలాను.

ఇప్పుడు మీరు ఎందుకు ఇబ్బంది పడతారో చెబుతాను. నేను దిగిపోయాక పైపులన్నీ మార్చారు. కొత్త వాల్వు పెట్టారు, లోకంలో అన్నిటిలాగా కుడికి మూసుకునేది. కానీ మూత పాతదే వేశారు. దాని మీద నా రాత చెక్కుచెదరలేదు. మొన్న కొత్తగా వచ్చిన లైన్‌మన్ ఒకాయన అది చదివి ఎడమకు తిప్పి తిప్పి చెమటలు కక్కి, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నా జన్మలో నలుగురి ముందు చెప్పిన ఒకే ఒక్క పచ్చి నిజం, ఇప్పుడు అదే అబద్ధమై కూర్చుంది.

చెరిపేద్దామని రంగు తీసుకుని పోయాను. మూత లేపాను. చెరిపే ముందు ఊరికే, అలవాటు కొద్దీ, చాచా రాడ్డు పైపు మీద పెట్టి చెవి ఆనించాను. ఆయన పోయేముందు దాన్ని నాకిచ్చి పోయాడు. లోపల నది ఇంకా వస్తూనే ఉంది.

వింటూ కూర్చునేసరికి రంగు ఎండిపోయింది. కాబట్టి తమ్ముళ్లూ, ఆ మూతను నమ్మకండి. కుడికే తిప్పండి. తిప్పాక చెవి పెట్టండి.